నేను రైట్ అనేదాకా

హలో… ఆ, నేనేలే. నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతారే?

… గొంతు బొంగురుగా ఉందా? ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సులో “టికెట్, టికెట్” అని అరిచిన గొంతు. కొత్తగా బొంగురు పోవడానికి ఇంకేం మిగిలిందని!

తిన్నా. … మాత్రలూ వేసుకున్నా. … వేసుకున్నానమ్మా తల్లీ! నేను నీకు అమ్మనా, నువ్వు నాకు అమ్మవా?

అదేంటి, ఏదో టింగు టింగుమంటోంది? … రోడ్డు మీదున్నావా? కారు నడుపుతూ ఫోన్లేంటే? … ఆపేశావా. సరే. ఆపడమే మంచిదైంది. ఏంటీ, ఏదో చెప్పాలంటున్నావు… నీది తర్వాత, ముందు నాది విను. పొద్దుట్నుంచీ నీకు చేద్దామని ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నా, ధైర్యం చాల్లేదు.

ఏం కాలేదు! … తుంటి బాగానే ఉంది. … పడలేదే, పడలేదు. పడితే నేను చెప్పేదాకా ఆగుతారా ఈ హోమ్ వాళ్ళు?

విషయం ఏంటంటే… ఆదివారం వచ్చి నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళిపోతానన్నావు కదా.

… ఆ.

దాన్ని కాస్త… వెనక్కి జరుపుదామా?

… ఓ నెల. … నెలంటే నెలే. నెల దాటినా దాటొచ్చు.

సర్దడమా? ఆ, మొదలుపెట్టా. పెట్టె మంచం కింద నుంచి బయటికి లాగా. … లాగి, దుమ్ము దులిపి… మళ్ళీ మంచం కిందికే తోసేశా.

నువ్వెందుకలా గుసగుసలాడుతున్నావు? … బుజ్జిది కార్లో పడుకుందా? … నేను మెల్లిగా మాట్లాడాలా? ఫోన్ లేకపోయినా వినపడుతోందా? ఏం వెటకారమే!

కారణం ఉంది, చెప్తున్నాగా. ఇక్కడ రీసెర్చ్ నడుస్తోంది.

… నా మీద కాదే పిచ్చిమొహమా! నేనే చేస్తున్నా.

…

నవ్వు. బాగా నవ్వు. అయ్యాక చెప్పు, ఆగుతా.

… అయిందా?

యూనివర్సిటీ నుంచి ఓ అమ్మాయి వస్తోంది. కళ్ళజోడు, భుజాన తనకంటే పెద్ద సంచీ. మమ్మల్నందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి, “ఈ పరిశోధనలో మీరూ భాగస్వాములే. ఏం తెలుసుకోవాలో మీరు చెప్పండి, ఎలా తెలుసుకోవాలో కలిసి ఆలోచిద్దాం” అంది. … మమ్మల్నే! ఇన్నాళ్ళూ ఇక్కడ మమ్మల్ని అడిగిందేంటి? నిద్ర పట్టిందా, మోషన్ అయిందా. ఈ రెండు ప్రశ్నలకి తప్ప ఇంకెందుకైనా మా బుర్ర పనికొస్తుందనుకున్నారా ఎవరైనా?

అయినా వాళ్ళు వచ్చేటప్పుడే ఓ ప్రశ్న చంకలో పెట్టుకొచ్చార్లే. “పెద్దవాళ్ళలో ఒంటరితనం” అని. నేనూరుకుంటానా? “అమ్మాయ్, ఒంటరితనం ఎలా ఉంటుందో చెప్పాలంటే ముందు మమ్మల్ని కాసేపైనా ఒంటరిగా ఉండనివ్వాలి కదా!” అన్నా. హాలంతా ఒకటే నవ్వు.

… అతిశయోక్తి కాదే. విను. ఓ పొద్దున్న స్నానం చేసొచ్చి జాకెట్ వేసుకుంటున్నా. తలుపు తోసుకుని ఆయా వచ్చింది. పోనీ, ఆడమనిషి. దాని వెనకాల ఎక్సర్‌సైజులు చేయించే అబ్బాయి. వాడి వెనకాల కుళాయి బాగుచేసేవాడు. వాడి వెనకాల ఎవరో ముసలాయన… ఆయనెవరో, ఎందుకొచ్చాడో నాకిప్పటికీ తెలీదు! ఆఫీసుల వేళ కూడా నా బస్సు అలా నిండలేదు. ఒక చెయ్యి జాకెట్లో, ఒక చెయ్యి బయట పెట్టుకుని, “ముందుకి జరగండి, ముందుకి జరగండి” అన్నా. … అలవాటే! ఎక్కడికి పోతుంది?

… తట్టారు. తట్టలేదని ఎవరన్నారు? తట్టడం, తొయ్యడం ఒకేసారి. దాన్ని తట్టడం అనరు, వచ్చేశామని దండోరా వెయ్యడం అంటారు.

… చిన్న విషయమా? నీకు చిన్నదే. నీ గదికి గడియ ఉంది. మా గదులకి లోపల గడియల్లేవు, పడిపోతే తలుపు తియ్యడానికి ఉండదని. న్యాయమే, కాదనను. కానీ…

టీచరమ్మ తెలుసుగా? నా ఎదురుగది. … ఆ, అల్లికలు అల్లే ఆవిడే. నోట్లో నాలుక లేని మనిషి. మీటింగుల్లో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఆ రోజు లేచి నిలబడింది. “నాకు ఏడుపొస్తే లిఫ్టెక్కి కిందికెళ్తాను. విజిటర్ల బాత్రూమ్‌కి. గడియ ఉన్నది అక్కడే” అంది.

…

ఆ. మేమూ అంతే. ఆ అమ్మాయి తన ఒంటరితనం కాగితాలు తీసి సంచిలో పెట్టేసుకుంది. “తలుపు గురించే చేద్దాం” అంది.

ఉండు, ఎవరో తడుతున్నారు. … ఎవరూ? … సిస్టరా? ఫోన్లో ఉన్నానమ్మా, మా అమ్మాయితో. కాసేపాగి రా. … ఎందుకమ్మా నవ్వుతున్నావు?

… విన్నావా? తలుపు తియ్యకుండానే “సరే అమ్మా” అని వెళ్ళిపోయింది! … బీపీ చూడ్డానికి. బీపీ ఎక్కడికీ పోదులే, నాతోనే ఉంటుంది.

ఎక్కడున్నాం? … ఆ, తలుపులు. రీసెర్చ్ అన్నాక ఓ పద్ధతుండాలట. అందుకని సగం గదుల తలుపులకి ఆకుపచ్చ అట్టలు తగిలించారు. అట్ట ఉంటే ఎవరైనా సరే… డాక్టరైనా, మేనేజరైనా… తట్టి, లోపల్నుంచి రమ్మనేదాకా ఆగాలి. అట్ట లేని గదుల్లో మామూలే, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తోసుకుని రావడమే. నెలయ్యాక వీళ్ళెలా ఉన్నారు, వాళ్ళెలా ఉన్నారని పోల్చి చూస్తారు. … మా ఇష్టం కాదు. స్టేషన్ మాస్టరు గారి టోపీలో చీటీలేసి తీశారు.

… అదే, రైల్వేలో చేసి రిటైరయ్యాడు, మా పక్కగది ఆయన. చెవులు బొత్తిగా వినపడవు. ఆయన గొంతు మాత్రం అన్ని ప్లాట్‌ఫారాలకీ వినపడుతుంది.

నాకు అట్ట వచ్చింది. ఆయనకీ వచ్చింది. టీచరమ్మకి… రాలేదు.

అదీ! నువ్వు కూడా “అయ్యో” అన్నావు చూశావా? గుర్తుపెట్టుకో ఆ అయ్యోని. దానివల్లే వచ్చింది తంటా అంతా.

ముందు నా సంగతి చెప్పనీ. అబ్బ, ఏం భోగమే అది! టకటకమని తడతారు. “ఎవరూ?” అంటాను. చెప్తారు. నేను కళ్ళజోడు సర్దుకుని, కొంగు సర్దుకుని, నా ఇష్టమొచ్చినంతసేపు ఆగి… “రైట్!” అంటాను. అప్పుడు కదులుతుంది తలుపు. … ఆ, రైటే. “దయచేయండి” అనడం నాకు నోరు తిరగదు. కండక్టర్ రైట్ అనేదాకా బస్సు చక్రం కదలకూడదు. తలుపూ అంతే. ఎన్నాళ్ళయిందే, నా మాట మీద ఏదైనా కదిలి!

స్టేషన్ మాస్టరికి మాత్రం కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. తలుపు కింద నీడ పడితే చాలు, “సిగ్నల్ ఇవ్వలేదు! ఔటర్‌లో ఆగు!” అని కేక. మేనేజర్ని కూడా నిలబెట్టేశాడు. పాపం ఆయన ఫైలు గుండెకి హత్తుకుని, వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకుంటున్నాడు, “సిగ్నల్ కోసం ఉన్నానండీ” అని.

… నీడ పడకపోతేనా? అదే అయింది. మధ్యాహ్నం భోజనం పట్టుకుని ఆయా తట్టింది. తట్టింది, తట్టింది, చేతులు నొప్పెట్టాయి. చెవిటివాడి ముందు శంఖమే! రూలు రూలే కదా, లోపలికి వెళ్ళకుండా పళ్ళెం వెనక్కి పట్టుకెళ్ళిపోయింది. సాయంత్రం ఈయన హాల్లోకొచ్చి “నాకు అన్నం మానేశారు!” అని ఊరేగింపు. … ఆ, దానికో ఉపాయం వేశాం. బయట స్విచ్చు, లోపల ఎర్ర బల్బు. వెలిగితే ఎవరో వచ్చినట్టు. ఆయన లోపల్నుంచి ఇంకో స్విచ్చు నొక్కితే బయట ఆకుపచ్చ బల్బు. … ఆనందమా? పోయిన ఉద్యోగం తిరిగొచ్చినంత ఆనందం. ఎవరూ రాకపోయినా నొక్కి చూసుకుంటాడు.

ఇక అసలు సంగతి. … వస్తున్నా, వస్తున్నా, తొందరపెట్టకు. … నా వల్ల మొదటికే మోసం వచ్చింది.

ఓ సాయంత్రం టీచరమ్మ లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. కళ్ళు చూస్తేనే తెలిసిపోయింది, ఎందుకు కిందికి వెళ్తోందో. నా వల్ల కాలేదే. నా తలుపు మీది అట్ట పీకి ఆవిడ తలుపుకి తగిలించేశా.

… మంచి పనేగా? నేనూ అదే అనుకున్నా! నేనొక్కదాన్నే చేశాననీ అనుకున్నా.

ప్రతివాళ్ళకీ ఓ టీచరమ్మ ఉంటుందని నాకేం తెలుసు? వాకర్‌తో నడిచే ఆవిడకి ఒకరిచ్చారు, జ్వరమొచ్చినాయనకి ఇంకొకరు. చివరి రెండు గదుల వదినా మరదళ్ళు పూటలు పంచుకున్నారు, పొద్దున నీకు, సాయంత్రం నాకు అని. మగాళ్ళు సరేసరి, పేకాటలో పందెం కాశారు! స్టేషన్ మాస్టరు రెండు గెలిచాడు. తనదాంతో కలిపి మూడూ తన తలుపుకే వరసగా వేలాడదీశాడు. … అడిగాం. “గూడ్సు బండికి ఒకటి చాలు, ఎక్స్‌ప్రెస్‌ని ఆపాలంటే మూడుండాలి” అట!

… ఆ అమ్మాయా? వచ్చి, మూడు అట్టల తలుపు ముందు కాసేపు నిలబడింది. తర్వాత అట్టలుండాల్సిన తలుపులన్నీ చూసొచ్చింది. కుర్చీలో కూలబడి తలకాయ పట్టుకుంది. “ఎవరెలా ఉన్నారో ఇక ఎలా పోల్చడం? ఎవరు ఎటువైపో నాకే తెలీట్లేదు” అంది. … తిట్టలేదే. అదే నా బాధ. తిడితే తిరిగి తిట్టేసి హాయిగా పడుకునేదాన్ని. పాపం మమ్మల్ని నమ్ముకుంది, మేమేమో పంచిపెట్టుకుని కూర్చున్నాం.

“ముందు ఎవరు మార్చారు?” అంది. నేను చెయ్యెత్తా. నన్ను చూసి అందరూ ఎత్తారు. స్టేషన్ మాస్టరు ప్రశ్న కూడా వినకుండా రెండు చేతులూ ఎత్తేశాడు.

ఆ అమ్మాయి మమ్మల్ని చూసి… నవ్వేసింది పాపం. ఏడవలేక నవ్విందో ఏమో.

అందుకే సోమవారం మళ్ళీ మొదట్నుంచి. ఈసారి అట్టలు మేకులేసి కొడతారు. ముందు అట్ట రానివాళ్ళకి తర్వాత వస్తుంది, వచ్చినవాళ్ళకి పోతుంది. అందరికీ ఓ వంతు. … ఆ, ఆ రూలు మేం పెట్టిందే. వంతు వస్తుందని తెలిస్తే ఎవరూ దొంగతనంగా మార్చుకోరని. ఆ అమ్మాయి సరేనంది. టీచరమ్మ మొదటి జట్టు, నేను రెండో జట్టు. … అంటే, నా వంతు రావాలంటే నేనిక్కడ ఉండాలి కదా. పాడు చేసింది నేను, బస్సు మధ్యలో ఆగిపోతే కండక్టర్ దిగి ఆటో ఎక్కి పోతుందా చెప్పు?

…

ఏంటి? … రీసెర్చ్ అయిపోయాక వస్తావా, అంటే…

…

అంటే…

… నిజమే చెప్తున్నాగా, అబద్ధం ఏముంది ఇందులో?

… … …

సరే. నిజమా? బస్సు నిండా జనాన్ని ఒంటిచేత్తో అదిలించినదాన్ని. నీ దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోతుందే నాకు.

నాకు రావాలని లేదు.

…

హలో? … ఉన్నావా?

నువ్వంటే ఇష్టం లేక కాదు. అల్లుడుగారు బంగారం. బుజ్జిది నా ప్రాణం. … మరెందుకంటే… గది ఫోటో పంపావు కదా? హాల్లో కిటికీ పక్కన, నాకిష్టమైన రంగేయించి. చూసి ఎంత మురిసిపోయానో ఇక్కడ అందర్నీ అడుగు, ఆయాకి కూడా చూపించా. తర్వాత వేళ్ళతో పెద్దది చేసి చూశా. తలుపు లేదే. కర్టెన్ ఉంది.

… పూల కర్టెన్. బాగుంది, ఎవరు కాదన్నారు? కర్టెన్ మీద ఎలా తడతారే?

… అదిగో! “మన మధ్య తట్టడం ఏంటమ్మా?” అందుకే. మన మధ్యే కాబట్టి. పోయినసారి ఎలా వచ్చావు? తలుపు తోసుకుని “అమ్మా” అంటూ వచ్చి, వచ్చీ రాగానే బీరువా తీసి, నా చీరలు మంచం మీద కుప్ప పోసి, “ఈ పాతవన్నీ ఎందుకమ్మా” అని సగం సంచిలో కుక్కేశావు. … ప్రేమతోనే. నాకు తెలీదా? పరాయివాళ్ళయితే బెల్లు కొట్టి కిందికి దింపేద్దును. ప్రేమతో తోసుకొచ్చేదాన్ని ఎలా ఆపను? నేర్పింది కూడా నేనేగా. నీ చిన్నప్పుడు నీ గదిలోకి నేనేమైనా తట్టి వచ్చానా?

… ఎవరన్నారు? … మీ అత్తగారా? “తల్లిని హోమ్‌లో పడేసింది” అందా? పడెయ్యడానికి నేను విరిగిన కుర్చీనా? తుంటి విరిగినప్పుడు చేర్చింది నువ్వు. ఇప్పుడు ఉంటున్నది నేను. ఆవిడకి చెప్పు. … వద్దులే, నువ్వు చెప్పలేవు. ఓసారి ఇక్కడికి పంపు, నేను చెప్తా. … తట్టి రమ్మను.

నవ్వావా? … ఏడుస్తున్నావా? … రెండూనా.

ఏడవకే. నా కోసమే మెట్లున్న ఇల్లు మారావని నాకు తెలుసు. అందుకే నోరు రాలేదు ఇన్నాళ్ళూ. పెట్టె బయటికి తియ్యడం, లోపలికి తొయ్యడం… నేల అరిగిపోతోందని ఆయా గోల.

ఇక్కడ నన్ను అడుగుతున్నారే. ఏమంటావని అడిగి, చెప్పేదాకా ఆగుతున్నారు. తప్పు చెప్పినా వింటున్నారు. నాకది బాగుంది. చాలా బాగుంది.

… మేనేజరికి నువ్వే చెప్తావా, గది ఖాళీ చెయ్యట్లేదని? … చెప్తావా! … నా బంగారు తల్లి.

ఆ? … తలుపు పెట్టిస్తావా, అక్కడ? … కర్టెన్ తీసేసి? … పెట్టించు మరి! పెట్టిస్తే సెలవులకి వస్తా. వారం ఉంటా. గడియ లోపలి వైపు, ఆ వడ్రంగికి మరీ మరీ చెప్పు.

అదేంటే, మళ్ళీ టింగు టింగు! ఏ రోడ్డది? మా లిఫ్టు కూడా ఇలాగే రెండేసిసార్లు మోగుతుంది.

… ఉండు. ఉండుండు. ఆ గొంతెవరిది? “ఎవరమ్మా నువ్వు, ఏ బండి కోసం?” అంటున్నాడు… మా స్టేషన్ మాస్టరు! ఫోన్లోనూ వినపడుతున్నాడు, తలుపులోంచీ వినపడుతున్నాడు!

ఏమే.

ఎక్కడున్నావు నువ్వు?

… ఎప్పట్నుంచీ? … మొదట్నుంచీనా! … ఆదివారం అన్నావు కదే? … సర్దడానికి సాయం చేద్దామని ముందే వచ్చావా? “ఎక్కడున్నానో చెప్పుకో” అందామని ఫోన్ చేస్తే… నేను నోరెత్తనివ్వలేదా? … మరి బుజ్జిది కార్లో లేదా, ఇంట్లో వాళ్ళ నాన్న దగ్గరుందా?

… సిస్టర్ చూసిందా! అందుకా ఆ నవ్వు! … నోటి మీద వేలు పెట్టి పంపించేశావా, దొంగా!

… చేతిలో ఏంటి? … ఖాళీ సంచులా.

రెండు ఖాళీ సంచులు పట్టుకుని వరండాలో నిలబడి… ఇదంతా విన్నావా తల్లీ?

…

హలో? … హలో?

… … ఎవరూ?

… నువ్వా.

తట్టావా? నువ్వు?

ఆగు.

… ఆగమన్నానా!

…

ఆగావు. అబ్బ… నిజంగానే ఆగావే! పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

… లోపల ఏం చెయ్యట్లేదు. ముక్కు తుడుచుకుంటున్నా. … ఏడుపే. ఏడవనీ కాసేపు, ఏం పోయింది? లిఫ్టెక్కి కిందికి పోనక్కర్లేకుండా, నా గదిలో నేను.

…

నువ్వూ తుడుచుకున్నావా? … సరే. … సంచులా? అక్కడే వరండాలో పెట్టెయ్, స్టేషన్ మాస్టరు చూసుకుంటాడు. … ఆయనకి చెప్పకు, వినపడదు. చూపించు చాలు.

ఫోన్ పెట్టేస్తున్నా.

రైట్… రైట్!